బుచ్చి ముంగిస ఎవరి మనిషి

పందొమ్మిది వందల డెబ్బై ఏడు, జూలై పన్నెండో తేదీ, మంగళవారం. పొద్దుటి నుంచి సూర్యుడి మొహం కనబడలేదు. పడమటి గాలి వేకువకే ఆగిపోయింది. ముందు సన్న జల్లు పడింది, మధ్యాహ్నానికి చూరు నీళ్లు ధార కట్టేంత వాన అయింది. అనకాపల్లి అవతల, చెరుకు పొలాల మధ్య, సన్యాసప్పడనే రైతు దొడ్డిలో ఆ వానలోనే పంచాయితీ జరిగింది. ఎండా వానా చూసుకుని సభ పెట్టుకునే అలవాటు మనుషులది. జంతువులకు దొంగ ఎప్పుడు దొరికితే అప్పుడే సభ.

ఆ రోజు దొరికినవాడు బుచ్చి అనే ముంగిస. కోళ్ల గూటిలో దూరి, మూతికి గుడ్డు సొనతో, కాపలా కుక్క భైరడి కాలి కింద దొరికాడు.

దొడ్డికి పెద్ద సింహాచలం అనే ముసలి ఎద్దు. సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటే బతికిన దూడ కనుక ఆ పేరు పెట్టారు. వయసులో ఉన్నప్పుడు చెరుకు గానుగ తిప్పాడు. గానుగ ఎద్దుకు ఒక గుణం అబ్బుతుంది. రోజంతా ఒకే వస్తువు చుట్టూ నడుస్తూ దాన్ని అన్ని వైపుల నుంచీ చూస్తుంది కదా, తీర్పు చెప్పేటప్పుడూ అలాగే చుట్టూ తిరుగుతుంది. తరువాత ఆయిలు ఇంజన్లు వచ్చాయి, ఎద్దులకు ఆ పని పోయింది. ఇంజన్లు చెరుకును బాగానే పిండుతాయి. తీర్పులు మాత్రం చెప్పలేవు. సరే, అది వేరే సంగతి.

"మూతికి సొన అంటుకునే ఉంది తాతా. ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు భైరడు.

"సాక్ష్యం చాలురా. ఇప్పుడు వీణ్ణి ఏం చెయ్యాలా అని" అన్నాడు సింహాచలం.

"ఏం చెయ్యాలేటి? దొంగను కాలవ దాటించాలి. ఎప్పుడూ ఉన్నదే కదా."

కాలవ అవతల పల్లపు నేల. వానలు మొదలయ్యాయంటే అక్కడి బొరియలన్నీ నీళ్లే. బుచ్చి తల వంచుకుని అన్నాడు: "తాతా, మా ఆడది ఈనింది. పిల్లలకు ఇంకా కళ్లు తెరుచుకోలేదు."

"నా గుడ్లకు తెరుచుకున్నాయేటి కళ్లు?" అంది సత్తెమ్మ అనే పెట్ట, గూటి మీది నుంచి.

 సత్తెమ్మ నోటికి ఆ దొడ్డిలో అందరూ భయపడేవారు.

సింహాచలం చాలాసేపు నెమరేశాడు. చివరికి ఇలా అన్నాడు: "కాలవ దాటిస్తే పిల్లలు పోతాయి. ఊరికే వదిలేస్తే గుడ్లు పోతాయి. కాబట్టి వీడు ఈ వానాకాలమంతా ఇక్కడే ఉంటాడు, కానీ పైడమ్మ చేతి కింద ఉంటాడు. కోళ్ల గూటి వైపు వెళ్లకూడదు. సాయంత్రం పాలు పితికే వేళకు రోజూ పైడమ్మ ముందుకొచ్చి నిలబడాలి. చెరుకు తోటలో నక్కలతో కలవకూడదు. చెరుకు కొట్టే నాటికి ఏ తప్పూ లేకపోతే, బెల్లం పొయ్యి గట్టు కింద ఆ పాత బొరియ వీడికీ వీడి పిల్లలకూ సొంతం. తప్పాడా, ఏ నెలైనా సరే, ఎంత వానైనా సరే, కాలవ దాటాల్సిందే."

బెల్లం పొయ్యి గట్టంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చెరుకు రసం కాచే పెద్ద పొయ్యి చుట్టూ మట్టి గట్టు వేస్తారు. ఏళ్ల తరబడి కాలి కాలి ఆ మట్టి ఇటుకలాగా అయిపోతుంది. చుక్క నీరు దిగదు. చలికాలంలో పొయ్యి రాజేస్తే లోపల వెచ్చగా ఉంటుంది. ఆ చుట్టుపక్కల ముంగిస పుట్టుక పుట్టిన ప్రతివాడూ కలగనే ఇల్లు అది. బుచ్చి సభలోనే ఆ గట్టు వైపు ఒకసారి చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

పైడమ్మ పాడి గేదె. నిదానస్థురాలు. మరునాటి నుంచి సాయంత్రం పాలు పితికేటప్పుడు బుచ్చి వచ్చి గాటి పక్కన నిలబడేవాడు.

"ఈ రోజు ఏం తిన్నావు?"

"గడ్డివామి కింద ఎలక, పెద్దమ్మా. ఒక తేలు."

"గూటి వైపు చూశావా?"

"చూశాను. వెళ్లలేదు."

"చూడ్డం మానక్కర్లేదు. నేనూ పచ్చ జొన్న చూస్తాను. కట్టు తెంపుకుని వెళ్లను కదా" అనేది పైడమ్మ.

ఊరికే కూర్చున్న దొంగకు పాత పనే గుర్తొస్తుందని ఆమె వాడికి పని కూడా పెట్టింది. పశువుల పాకలో, దాణా బస్తాల వెనక ఎలకలు పట్టడం. కొన్నాళ్లకు దాణాలో ఎలక పెంట తగ్గింది. దూడలు ముంగిసను చూసి బెదరడం మానేశాయి. సత్తెమ్మ మాత్రం మానలేదు.

భైరడికి ఈ ఏర్పాటు మొదటి నుంచీ గిట్టలేదు. రోజూ ఉదయం, అందరూ చూస్తుండగా, బుచ్చి ఉంటున్న గడ్డివామి దగ్గరకొచ్చి, వాడి గుమ్మం చుట్టూ ముక్కు నేలకానించి వాసన చూసి, ఒకసారి గట్టిగా తుమ్మి వెళ్లేవాడు. ఆ తుమ్ము విని కోళ్లన్నీ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునేవి. బుచ్చి ఆడది బయటికి రావడమే మానేసింది.

పైడమ్మ ఒకరోజు భైరణ్ణి పిలిచింది.

"ఏటి భైరీ, రోజూ వాడి గుమ్మం ముందు ఆ తుమ్మేటి?"

"వాసన చూడ్డం నా పని అప్పా" అన్నాడు భైరడు. ఆ వైపు అక్కను అప్పా అంటారు.

"చూడు. ఎవరొద్దన్నారు? అందరి కళ్ల ముందూ చూడాలా? నువ్వు తుమ్మినప్పుడల్లా వాడు మళ్లీ దొంగవుతున్నాడు. నేను రోజంతా వాణ్ణి మనిషిని చేస్తాను, నువ్వొచ్చి ఒక్క తుమ్ముతో ముంగిసను చేసి పోతావు."

"వాడు ముంగిసే కదప్పా?" అన్నాడు భైరడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. తరువాత గొంతు తగ్గించి, "సరే గానీ, సాయంత్రం నీ దగ్గరకొచ్చి ఏం చెబుతాడు? ఎటు తిరుగుతున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"నాతో చెప్పింది నా కడుపులో ఉంటుంది. నాకు నాలుగు అరల కడుపు. ఏ అరలో పెట్టానో నాకే గుర్తుండదు."

"పోనీలే."

"నువ్వు చెప్పు. చెరుకు తోట వైపు తెగ తిరుగుతున్నావు, ఏటి సంగతి?"

"అది చెప్పకూడదప్పా. పని మీదున్నాను."

ఇద్దరూ చెరో వైపు తిరిగారు. గౌరవంగానే తిరిగారు. దొడ్డిలో ఎవరిని అడిగినా ఇద్దరూ మంచివాళ్లనే చెప్పేవారు.

చెరుకు తోట వైపు భైరడు తిరగడానికి కారణముంది. వానలు ముదిరాక కోళ్లు పోవడం మొదలైంది. ఒక తెల్ల పెట్ట, దాని వెనకే రెండు ముదురు పిల్లలు. నక్కల పనేనని అందరికీ తెలుసు. నక్కల పెద్ద జోగులని కూడా తెలుసు. ఏ దారిన వస్తున్నారో మాత్రం తెలియదు. ఎండాకాలంలో అయితే భైరడి ముక్కు చాలు, అడుగు వేసిన చోటల్లా పేరు చదివినట్టు చదువుతాడు. వానాకాలంలో నేలంతా కడిగిన పలక. దొంగతనాలు వానలో పెరగడానికి కారణం ఆకలి ఒక్కటే అనుకుంటారు గానీ, ముక్కులు పనిచేయకపోవడం కూడా ఒక కారణం.

భైరడికి కావలసింది ఇప్పుడు ముక్కు కాదు, చెవి. నక్కల మధ్య కూర్చుని వినే చెవి. అలాంటివాడు ఎవడున్నాడని ఆలోచిస్తే ఒక్కడే కనిపించాడు.

జల్లు పడుతున్న ఒక ఉదయం, తుమ్మకుండా, గడ్డివామి వెనక్కి వచ్చి నెమ్మదిగా పిలిచాడు: "బుచ్చీ."

"బాబూ?"

"జోగులు గుంపులో చేరు. ఏ రోజు వస్తారో, ఏ దారిన వస్తారో కనుక్కో. వాళ్లు బయల్దేరే వేళకు గడ్డివామి ఎక్కి కూత పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

"అయ్యబాబోయ్. నక్కలతో కలవొద్దని తాత చెప్పలేదా? పెద్దమ్మ రోజూ అడుగుతుంది బాబూ."

"పైడమ్మకు చెప్పకు."

"చెప్పకపోతే ఎలా? అడిగితే?"

"ఎలకల కోసం వెళ్లానని చెప్పు. గేదె నోరు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది, ఏదో ఒకటి జారుతుంది. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. మా పనిలో మొదటి నియమం అది."

"తాత ముందు పంచాయితీ వస్తే?"

"నేనున్నాను కదా, ఒక మాట చెబుతాను."

బుచ్చి కాసేపు మీసాలు దువ్వుకున్నాడు. "నాకొద్దు బాబూ. పిల్లలకు ఇప్పుడిప్పుడే కళ్లు తెరుచుకున్నాయి. నన్నిలా బతకనీండి."

"అలాగా? అయితే కోళ్ల గూడు దగ్గర నీ వాసన వచ్చిందని చెప్పాల్సొస్తుంది."

"ఈ వానలో వాసనెక్కడిది బాబూ?"

"నాకు వచ్చిందంటే వచ్చినట్టే" అన్నాడు భైరడు.

బుచ్చి ఆ మధ్యాహ్నమే చెరుకు తోటకు వెళ్లాడు.

భైరడు చెడ్డవాడు కాదు. తన మనిషి అయ్యాక వాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని, మరునాటి నుంచి గుమ్మం దగ్గర వాసన చూడ్డం మానేశాడు. తుమ్ము ఆగిపోయింది. పైడమ్మ అది గమనించి, తన మాట విని మానేశాడనుకుని పొంగిపోయింది. తనకు వేసిన తవుడు తొట్టి కొసన కొంచెం మిగిల్చి, "తిను భైరీ, నా మాట విన్నావు" అంది. భైరడు తవుడు తిన్నాడు. కుక్కలకు తవుడు అంత ఇష్టం కాదు.

అది గమనించిన మూడోవాడు ఒకడున్నాడు.

"ఏం అల్లుడూ, దొడ్డిలో నీకు మంచి పేరొచ్చినట్టుందే" అన్నాడు జోగులు, చెరుకు ఆకుల కింద పడుకుని. నక్కల్లో కూడా వాడు గుంటనక్క. ఎముకలు కనబడేంత సన్నం, నవ్వినప్పుడు మాత్రం లావుగా కనిపిస్తాడు.

"మంచి పేరేటి మావా, చూస్తున్నావుగా, మీ దగ్గరకే వచ్చాను" అన్నాడు బుచ్చి.

"వచ్చావు, వచ్చావు. సంతోషం."

బుచ్చి పాలు పితికే వేళకు లేచి వెళ్లాక, జోగులు తన పెళ్లాంతో అన్నాడు: "రోజూ వాడి గుమ్మం ముందు తుమ్మే కుక్క తుమ్మడం మానేసింది. దొంగ మంచోడైతే కుక్క మానుతుందా? మానదు. ఇంకా గట్టిగా తుమ్ముతుంది, ఈ మంచోడు ఏం దాస్తున్నాడో అని. కుక్క మానిందంటే ఒకటే అర్థం. వీడు వాడి మనిషి."

"అయితే కొరికి పారెయ్" అంది పెళ్లాం.

"పిచ్చిదానా. వీణ్ణి నేను కొరికితే భైరడికి తెలిసిపోతుంది. వీణ్ణి వాళ్ల చేతే పంపించాలి. దానికి ఆ గేదె ఉంది కదా, న్యాయం తప్పని మహాతల్లి."

మరునాడు బుచ్చి వినేటట్టు జోగులు గుంపుతో చెప్పాడు: "గురువారం సన్యాసప్పడి పల్లం మడిలో నాట్లు. ఇంట్లోవాళ్లంతా అక్కడే. మధ్యాహ్నం దొడ్డి వెనక తూము దారిన దూరుదాం." బుచ్చి అది భైరడికి చేరేశాడు. భైరడు తోక ఊపాడు.

తరువాత జోగులు, పైడమ్మ పడుకునే బురద గుంట దగ్గరకు వెళ్లాడు. కంచె ఇవతలే, వంగి నిలబడ్డాడు.

"దండాలమ్మా."

"నీకేం పని ఇక్కడ?" అంది పైడమ్మ, కొమ్ములు తిప్పి.

"నేను మంచోణ్ణని చెప్పుకోడానికి రాలేదమ్మా. కోళ్లు తింటాను, దేవుడు నాకిచ్చిన నోరు అలాంటిది. కానీ మీ పేరంటే మా తోటలో కూడా గౌరవం. అది పోతోందని చెబుదామని వచ్చాను."

"ఎలా పోతోంది?"

"మీ బుచ్చి రోజూ మధ్యాహ్నం మా గుంపులోనే ఉంటున్నాడు."

"నీ మాట ఎవడు నమ్ముతాడు?"

"నమ్మొద్దు. నక్క మాట నమ్మితే మీరు గేదె ఎలా అవుతారు? కళ్లతో చూడండి. రేపు మధ్యాహ్నం, చెరుకు గట్టు మీద. సెలవు" అని, మళ్లీ వంగి వెళ్లిపోయాడు.

మరునాడు పైడమ్మ మేత వంకతో గట్టు వైపు వెళ్లింది. వానలో, చెరుకు ఆకుల మధ్య, జోగులు పక్కన బుచ్చి కూర్చుని ఉన్నాడు. జోగులు ఏదో చెబుతుంటే నవ్వుతున్నాడు. నక్కల మధ్య కూర్చున్నవాడు నవ్వకపోతే బతకడు. ఆ సంగతి గేదెకు తెలియదు.

సాయంత్రం పాలు పితికేటప్పుడు అడిగింది: "మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

బుచ్చి ఆమె మొహం చూడలేదు. "ఎలకల కోసం పెద్దమ్మా. రెల్లులో."

"ఇంకొకసారి చెప్పు."

"రెల్లులో, పెద్దమ్మా."

పైడమ్మ ఆ పూట పాలు సరిగా చేపలేదు. సన్యాసప్పడి భార్య ఈగలు కుట్టాయేమోనని పొదుగు తడిమి చూసింది. పైడమ్మకు భైరణ్ణి అడుగుదామన్న ఆలోచన వచ్చింది. చెరుకు తోట వైపు తిరిగేవాడు వాడే, వాడికేమైనా తెలుసేమోనని. కానీ అడిగితే, తన చేతి కిందవాడు తప్పాడని తనే కుక్కకు అప్పజెప్పినట్టవుతుంది. తాత ముందే తేలనీ అనుకుంది. అనుకుని సింహాచలం దగ్గరకు నడిచింది.

బుధవారం ఉదయం పంచాయితీ.

"నక్కలతో చూశావా నీ కళ్లతో?" అని అడిగాడు సింహాచలం.

"చూశాను" అంది పైడమ్మ. "కలిసినందుకు కాదు తాతా. అడిగితే అబద్ధం చెప్పాడు. అందుకు."

"ఏరా బుచ్చీ, నిజమేనా?"

బుచ్చి భైరడి వైపు చూశాడు. సభలో అందరూ బుచ్చినే చూస్తున్నారు కనుక, వాడు ఎటు చూశాడో ఎవరూ పట్టించుకోలేదు.

భైరడు వెనక కాలితో చెవి గోక్కున్నాడు. వాడి లెక్క ఇది: ఇప్పుడు నోరు విప్పితే సత్తెమ్మ వింటుంది. సత్తెమ్మ విన్నది చెరుకు తోటకు చేరడానికి ఆవులింత సేపు పట్టదు. రేపు తూము దగ్గర నక్కల్ని పట్టుకుంటే, ఎల్లుండి అందరి ముందూ నిజం చెప్పి వీణ్ణి పిలిపించుకోవచ్చు. ఒక్క రోజు కదా, ఏం పోయింది?

"భైరీ, నువ్వేమైనా చెబుతావా?" అన్నాడు సింహాచలం.

"ఏమీ లేదు తాతా" అన్నాడు భైరడు.

"బుచ్చీ, నువ్వు?"

"చెప్పమంటే నేనేం చెప్పను తాతా" అన్నాడు బుచ్చి. "చెప్పొద్దన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు, చెప్పలేదన్నవాళ్లూ ఇక్కడే ఉన్నారు."

సింహాచలానికి ఆ మాట అంతు చిక్కలేదు. చుట్టూ తిరిగే ఓపిక ఆ ఉదయం ఆయనకు లేకపోయింది. కీళ్ల నొప్పులు. వానాకాలం ముసలి ఎద్దులకు మంచిది కాదు, తీర్పులకు అసలు మంచిది కాదు. "కాలవ దాటించండి" అన్నాడు.

బుచ్చి ఆడది ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని, కాలవ మీద అడ్డంగా వేసిన తాటి దూలం మీద నడిచింది. నీళ్లు దూలాన్ని తాకుతున్నాయి. "మరి అంతే కదా" అంది సత్తెమ్మ. ఎవరూ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం వాన కుండపోత. ఇంటిల్లిపాదీ నాట్లకు వెళ్లారు. భైరడు తూము పక్క జనుము మొక్కల్లో నక్కి పడుకున్నాడు. గడ్డివామి మీద కూత పెట్టేవాడు లేడు గానీ, ఏ రోజో, ఏ దారో తెలిసినప్పుడు కూతతో పనేముంది అనుకున్నాడు.

జోగులు గుంపు తూము దారిన రాలేదు, బెల్లం పొయ్యి వైపు నుంచి వచ్చింది. పశువుల పాక ముందు నుంచే నడిచారు, పెళ్లివారిలాగా. పైడమ్మ ముందు జోగులు ఒక్క క్షణం ఆగాడు.

"న్యాయం తప్పరని విన్నానమ్మా. కళ్లారా చూశాను" అన్నాడు.

పైడమ్మకు అప్పుడు తెలిసింది. పలుపు తెగేలా గుంజుకుని, దొడ్డంతా దద్దరిల్లేలా అరిచింది. ఆ అరుపు తూము దాకా వినిపించింది. భైరడు చెవి ఎత్తాడు. దూడ కోసం అరుస్తోంది కాబోలు, ఈ వేళకు మామూలేననుకున్నాడు. పైగా తన దగ్గర నమ్మకమైన సమాచారం ఉంది. దాన్ని వదిలి గేదె అరుపు వెంట పోయే కాపలావాడు ఎవడు? కదల్లేదు.

కదిలే సరికి గూడు ఖాళీ. సత్తెమ్మ వాసం మీదికి ఎగిరి బతికింది. ఆమె పిల్లల్లో ఒక్కటీ లేదు. తడిసిన ఈకలు గుమ్మం దగ్గర నీళ్లలో తేలుతున్నాయి. సత్తెమ్మ ఆ తరువాత ఎప్పుడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందరికీ అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

"ఎక్కడున్నావురా!" అంది పైడమ్మ. "గొంతు పోయేలా అరిచానే!"

"తూము దగ్గర. వాళ్లు తూము దారిన వస్తామన్నారు."

"ఎవరితో అన్నారు?"

"బుచ్చితో."

"బుచ్చి నీకు చెప్పాడా? అంటే వాడు అక్కడికి వెళ్లింది..."

"నేను పంపితేనే."



"ఒక్క మాట నాతో అనుంటే!" అంది పైడమ్మ.

"వేగువాడి సంగతి ఎవరికీ చెప్పకూడదప్పా. మా పనిలో మొదటి నియమం అది. వాణ్ణి చూశాక నువ్వు నన్ను అడగొచ్చు కదా!"

"నా చేతి కిందవాడి తప్పు కుక్కతో చెప్పకూడదు. నా పనిలో మొదటి నియమం అది."

పాకలో నుంచి సింహాచలం దగ్గాడు. "ఇద్దరికీ మొదటి నియమమే ఉందేటి? రెండోది ఎవరూ రాసుకోలేదా?"

ముగ్గురూ కలిసి కాలవ గట్టుకు వెళ్లారు. తాటి దూలం మునిగిపోయింది. అవతల, సగం మునిగిన ఒక తాటి మొద్దు మీద బుచ్చి, వాడి ఆడది, పిల్లలు. పిల్లల్లో కొన్ని లేవు.

"బుచ్చీ!" అని పిలిచాడు సింహాచలం. "తీర్పు తప్పయింది. నీళ్లు తీశాక వచ్చెయ్యి."



"ఎవరి మనిషిగా రమ్మంటారు తాతా?" అన్నాడు బుచ్చి.

సింహాచలం బదులు వెతుక్కునేలోగా భైరడు అందుకున్నాడు: "నా మనిషిగా రారా! ఇకమీద నీ జోలికి ఎవడొస్తాడో చూస్తాను."

"నీ మనిషా? నీ మనిషయ్యే కదా ఇంతవరకూ వచ్చింది!" అంది పైడమ్మ. "నా చేతి కిందే రా బుచ్చీ. ఈసారి నీ మాట పూర్తిగా వినకుండా ఎవరి దగ్గరకూ వెళ్లను."

"నీ చేతి కింద ఉండబట్టే కదా కాలవ దాటాడు!"

"దాటించింది నీ చెవి గోకుడు!"

వాళ్లు తేల్చుకుని మళ్లీ అటు చూసేసరికి మొద్దు మీద ఎవరూ లేరు. రెల్లు పొదలు కదిలి ఆగాయి.

ఇందులో నీతి ఏమంటే, ఒకే ప్రాణికి ఇద్దరు కావలివాళ్లుండి ఆ ఇద్దరి మధ్యా మాటల్లేకపోతే, ఆ ప్రాణి సంగతి ముందుగా తెలిసేది దొంగకే.

ఇక మిగిలింది ఆస్తుల సంగతి. సింహాచలం ఆ కార్తీకం చలికి పోయాడు. పోయే ముందు అందరికీ పంచిపెట్టాడు. పాకలో తూర్పు వైపు పొడి చోటు పైడమ్మకు వచ్చింది. మెడలోని ఇత్తడి గంట పైడమ్మ దూడకు. ఆయన పడుకునే వరిగడ్డి భైరడికి. గానుగ దగ్గరి పాత నీడ సత్తెమ్మకు. బెల్లం పొయ్యి గట్టు కింద బొరియ మాత్రం బుచ్చికి ఇచ్చాడు. "ఎవరి మనిషిగానూ కాదు, సొంతంగా. ఈ మాట మీరిద్దరూ వెళ్లి వాడికి చెప్పండి" అన్నాడు. ఇద్దరూ సరేనన్నారు. రోజూ కాలవ గట్టు దాకా తిరిగేది భైరడే కనుక వాడు చెప్పి ఉంటాడని పైడమ్మ అనుకుంది. బుచ్చి పైడమ్మ చేతి కిందవాడు, తను ముందు చెబితే ఆమెకు కోపమొస్తుందని భైరడు ఊరుకున్నాడు. చెరుకు కొట్టి పొయ్యి రాజేసే నాటికి ఆ బొరియలో ఒక పందికొక్కు పిల్లా పాపలతో కాపురముంది. జోగులుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, దొడ్డిలోకి దారి మాత్రం వాడి పిల్లలకు దక్కింది. బుచ్చికి ఏమీ రాలేదు.